బ్రిన్ సోదరుల బేరియం బట్టీ

మనం పీల్చే గాలిలో అయిదో వంతు ఆక్సిజనే. దానికి ఎవరూ డబ్బు కట్టక్కర్లేదు. అదే ఆక్సిజన్‌ని మిగతా గాలి నుంచి వేరుచేసి, సిలిండర్లో కుక్కి, రోగి మంచం పక్కనో వెల్డింగ్ షెడ్డులోనో నిలబెట్టడానికి మాత్రం మనిషికి నూరేళ్లు పైనే పట్టింది. ప్రీస్ట్‌లీ ఆ వాయువును పట్టుకున్నది 1774లో. గాలి నుంచి దాన్ని తీసి అమ్మే కంపెనీ లండన్‌లో పుట్టింది 1886లో. మన సైన్సు పుస్తకాలు ఈ రెండు తేదీల నడుమ జరిగినదాన్ని దాదాపుగా వదిలేస్తాయి. ప్రీస్ట్‌లీ, లావోయిజర్ పేర్లు చెప్పి, పొటాషియం క్లోరేట్‌తో ఒక ప్రయోగం చేయించి, ఆ వెంటనే గాలిని చల్లబరిచి ద్రవంగా మార్చే పద్ధతికి వెళ్లిపోతాయి. అలా దాటేసిన అధ్యాయం పేరు బ్రిన్ పద్ధతి. బేరియం ఆక్సైడ్ అనే బూడిదరంగు గడ్డల చేత గాలిలోని ఆక్సిజన్‌ని పీల్పించి, మళ్లీ వదిలించే పద్ధతి అది.

ఆక్సిజన్ తయారీకి వచ్చిన రసాయన మార్గాలన్నిటినీ ఒక వరసలో పెట్టి, ఏది ఎందుకు నిలిచింది, ఏది ఎందుకు పోయింది అని చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ఆక్సిజన్‌ని వదిలే పదార్థం దొరకడం ఏనాడూ పెద్ద కష్టం కాలేదు. ఒకే పదార్థం చేత ఆ పనిని వేలసార్లు చేయించడం దగ్గరే అందరూ ఆగిపోయారు. ఆ చిక్కు విడిపోయింది లోపలికి పంపే గాలిని శుభ్రం చేయడం వల్ల. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ ఈ చరిత్రలో అంతకంటే పెద్ద మలుపు లేదని నా అభిప్రాయం.

పాదరసం చెప్పిన మొదటి పాఠం

1774 ఆగస్టు 1న ఇంగ్లండ్‌లోని బోవుడ్ హౌస్‌లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ పన్నెండు అంగుళాల భూతద్దంతో ఎండను ఎర్రటి పాదరస భస్మం మీదికి మళ్లించాడు. వచ్చిన వాయువులో కొవ్వొత్తి ధగధగా మండింది. అంతకు రెండు మూడేళ్ల ముందే స్వీడన్‌లో కార్ల్ షీలే ఇదే వాయువును పలు విధాలుగా తయారుచేశాడు. ఆయన పుస్తకం అచ్చయ్యేసరికి 1777 వచ్చింది. ఎవరు ముందు అనే వాదన గురించి చాలామంది చాలా రాశారు. తయారీ కోణంలో చూసేవారికి వీళ్లిద్దరి కంటే లావోయిజర్ ప్యారిస్‌లో చేసిన పన్నెండు రోజుల ప్రయోగమే ముఖ్యం.

ఆయన నాలుగు ఔన్సుల పాదరసాన్ని వంపు మెడ గాజు పాత్రలో పోసి, మరుగు స్థాయికి దగ్గరగా పన్నెండు రోజులు కాచాడు. పాదరసం మీద ఎర్రటి పొడి తేలింది. పాత్రలోని గాలి సుమారు ఆరో వంతు తగ్గింది. 45 గ్రెయిన్ల ఆ ఎర్రపొడిని తీసి మరింత వేడిచేస్తే నలభై ఒకటిన్నర గ్రెయిన్ల పాదరసం, దానితోపాటు ఏడెనిమిది ఘనపు అంగుళాల ఆక్సిజన్ వచ్చాయి. దహనం అంటే ఏమిటో తేల్చిన ప్రయోగంగా దీన్ని చెప్పుకుంటాం. అది నిజమే. అయితే ఇందులో ఒక కర్మాగారం నమూనా కూడా ఉంది. ఒక వేడి దగ్గర లోహం గాలి నుంచి ఆక్సిజన్‌ని తీసుకుంది, ఇంకా ఎక్కువ వేడి దగ్గర వదిలేసింది, తాను మళ్లీ మొదటి లోహంగా మిగిలింది. గాలి, ఇంధనం తప్ప మరేదీ ఖర్చు కాలేదు.

లోపమల్లా పాదరసంలోనే ఉంది. దాని ధర ఎక్కువ, ఆవిరి విషం, నడక మహా మందం. పాదరస ఆక్సైడ్ బరువులో ఆక్సిజన్ వాటా నూటికి ఏడున్నర కూడా ఉండదు. పన్నెండు రోజులు కాచి కొన్ని ఘనపు అంగుళాలు రాబట్టే పని ప్రయోగశాల బల్ల దాటి బయటికి రాదు. అయినా సూత్రం అక్కడే తయారుగా ఉంది. దానికి తగిన పదార్థం దొరకడానికే శతాబ్దం పట్టింది.

ఒకసారి వాడి పారేసే ఆక్సిజన్

19వ శతాబ్దం మొదటి సగంలో ఆక్సిజన్ ఎక్కువగా కావలసి వచ్చింది వెలుగు కోసం. ఆక్సిజన్, హైడ్రోజన్ కలిపి మండించిన జ్వాలను సున్నపు ముక్కకు తాకిస్తే అది కళ్లు మిరుమిట్లు గొలిపే తెల్లటి కాంతిని ఇస్తుంది. 1820ల్లో థామస్ డ్రమండ్ భూమి సర్వేలో దూరపు గుర్తులు కనిపించడానికి దీన్ని వాడాడు. 1837లో లండన్ కోవెంట్ గార్డెన్ రంగస్థలం మీదికి ఇది ఎక్కింది. ఆ తర్వాత ఊరూరా తిరిగి గాజు పలకల బొమ్మలు తెర మీద చూపించే మ్యాజిక్ లాంతరు వాళ్లకూ ఇదే ఆధారమైంది.

వీళ్లకు కావలసిన ఆక్సిజన్ పొటాషియం క్లోరేట్ నుంచి వచ్చేది. మాంగనీస్ డయాక్సైడ్ కలిపితే క్లోరేట్ చాలా తక్కువ వేడికే ఆక్సిజన్‌ని వదులుతుందని 1832లో జర్మన్ రసాయనవేత్త డోబరైనర్ గమనించాడు. మన హైస్కూళ్లలో పరీక్షనాళిక, వంపు గొట్టం, నీళ్ల తొట్టెలో బోర్లించిన జాడీ పెట్టి తరతరాలుగా చేయిస్తున్నది ఈ ప్రయోగమే. క్లోరేట్ బరువులో 39 శాతం ఆక్సిజన్. కిలో క్లోరేట్ నుంచి 270 లీటర్లకు పైగా వాయువు వస్తుంది. పాదరసంతో పోలిస్తే ఇది నిధి. కానీ అందులో కలిపే నల్లటి మాంగనీస్ పొడి స్వచ్ఛంగా లేకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. మాంగనీస్ డయాక్సైడ్‌లో బొగ్గు పొడి కలిసినా, చూడ్డానికి అలాగే నల్లగా ఉండే యాంటిమనీ సల్ఫైడ్ దాని బదులు వచ్చినా, వేడి తగిలిన క్లోరేట్ పేలిపోతుంది. తయారైన వాయువును రబ్బరు పూత గుడ్డసంచుల్లో నింపి, ఒత్తిడి కోసం పైన బరువులు పెట్టి, జనం నిండిన హాల్లో వాడేవారు.

వైద్యంలోకి కూడా ఆక్సిజన్ మొదట ఈ దారినే వచ్చింది. 1885లో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం యార్క్ ప్రాంతంలో జార్జ్ హోల్ట్‌జాపిల్ అనే డాక్టరు దగ్గర న్యుమోనియాతో ఒక కుర్రవాడు ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. డాక్టరు క్లోరేట్, మాంగనీస్ పొడి తెచ్చి, మంచం పక్కనే స్పిరిట్ దీపం మీద వేడిచేసి, వచ్చిన వాయువును నీళ్లలోంచి బుడగలుగా పోనిచ్చి రోగికి అందేలా చేశాడు. కుర్రవాడు బతికాడు. ఊపిరాడని రోగి ముందు నిలబడి, చేతికి అందిన సామగ్రితో అప్పటికప్పుడు ఆక్సిజన్ తయారుచేసిన ఆ డాక్టరు తెగువ గొప్పది. ఆ పద్ధతి హద్దు కూడా ఆ గదిలోనే తెలిసిపోతుంది. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి పావు లీటరు ఆక్సిజన్ ఖర్చవుతుంది, రోజుకు 360 లీటర్లు. ఆ లెక్కన కిలో క్లోరేట్ ఒక రోజుకైనా చాలదు. ఇవాళ తీవ్రంగా జబ్బుపడ్డ రోగికి మాస్కు ద్వారా నిమిషానికి 10 లీటర్లు ఇస్తే అదే కిలో అరగంటకు ముందే అయిపోతుంది. మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే పారేయాల్సిన ఉప్పు. ఒక్క వార్డు నడపాలంటే రోజుకు బస్తాల కొద్దీ క్లోరేట్ కావాలి.

తీసుకుని తిరిగిచ్చే పదార్థం కోసం

కాబట్టి రసాయనవేత్తలు మళ్లీ లావోయిజర్ ఆలోచనకే వచ్చారు. ముడిసరుకు గాలే కావాలి. మధ్యలో ఉండే పదార్థం దళారీలా ఒక చోట తీసుకుని ఇంకో చోట అప్పజెప్పాలి తప్ప తాను ఖర్చు కాకూడదు. 1860ల నుంచి 80ల దాకా దీని కోసం యూరప్‌లో పెద్ద వేటే సాగింది. టెస్సియే దు మోటే సోడియం మాంగనేట్‌ని తీసుకున్నాడు. సుమారు 450 డిగ్రీల దగ్గర దాని మీద నీటి ఆవిరి పంపితే ఆక్సిజన్ వస్తుంది, ఆ తర్వాత వేడిగాలి పంపితే మాంగనేట్ మళ్లీ తయారవుతుంది. ప్యారిస్‌లో దీపాలకు దీన్ని ప్రయోగించి చూశారు కూడా. మాలే అనే ఆయన రాగి క్లోరైడ్‌ని ప్రయత్నించాడు. 1880ల చివర్లో కాస్నర్ సున్నం, సీసం కలిసిన కాల్షియం ప్లంబేట్‌ని తెచ్చాడు. ప్లాటినం కరిగించడానికి ఆక్సిజన్ కావలసిన డెవిల్, డెబ్రే సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని కాలే పాత్రలోకి చుక్కలుగా వదిలి విడగొట్టారు. కాగితం మీద ఇవన్నీ పనిచేస్తాయి. కర్మాగారంలో ఒకటి పాత్రలను తినేసింది, ఒకటి ముద్దగా కరిగిపోయింది, ఒకటి కొన్ని దఫాలకే నీరసించింది. ఏదీ బజారులో నిలదొక్కుకోలేదు.

వీటన్నిటికంటే పాతది బేరియం మార్గం. వేడిచేసిన బేరియం ఆక్సైడ్ గాలి నుంచి ఆక్సిజన్‌ని తీసుకుని పెరాక్సైడ్‌గా మారుతుందని గే-లుసాక్, థెనార్ 1811లోనే చూశారు. ఆ పెరాక్సైడ్‌ని యాసిడ్‌లో కలిపే థెనార్ 1818లో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని కనిపెట్టాడు. దెబ్బలు కడగడానికి మందుల షాపుల్లో కొనే ఆ సీసాలోని మందు మొదట బేరియం కడుపునే పుట్టింది.

1850ల మొదట్లో జాన్ బాప్టిస్ట్ బూసింగో దీన్ని ఆక్సిజన్ తయారీకి మళ్లించాడు. పంటలకు నత్రజని ఎక్కడి నుంచి వస్తుందో తేల్చడానికి జీవితమంతా వెచ్చించిన వ్యవసాయ రసాయనవేత్త ఆయన. బేరియం ఆక్సైడ్‌ని ముదురు ఎరుపు వచ్చేదాకా, అంటే 500, 600 డిగ్రీల ప్రాంతానికి వేడిచేసి గాలి పంపితే పెరాక్సైడ్ అవుతుంది. వేడి 800 డిగ్రీలు దాటించి నిగనిగలాడే ఎరుపుకు తెస్తే ఆక్సిజన్ బయటికి వస్తుంది. మళ్లీ చల్లార్చి మళ్లీ గాలి. పూర్తిగా మారితే కిలో బేరియం ఆక్సైడ్ ఒక దఫాకు 70 లీటర్లకు పైగా ఆక్సిజన్‌ని పట్టుకోగలదు. క్లోరేట్ ఇచ్చేదానిలో ఇది నాలుగో వంతు. కానీ క్లోరేట్ ఒక్కసారే ఇస్తుంది.

బూసింగోకు బేరియం కూడా ఎన్నోసార్లు ఇవ్వలేదు. కొన్ని దఫాలు బాగా పనిచేసేది, తర్వాత తీసుకోవడం తగ్గేది, చివరకు మొరాయించేది. అలా దాదాపు ముప్పై ఏళ్లు ఈ పద్ధతి పాఠాల్లో చెప్పుకునే ముచ్చటగా ఉండిపోయింది.

జబ్బు ఎక్కడుందో పట్టుకున్న అన్నదమ్ములు

ఆర్థర్, లియాన్ బ్రిన్ ఫ్రెంచి అన్నదమ్ములు, బూసింగో శిష్యులు. బేరియం ఎందుకు అలసిపోతోంది అన్న ఒక్క ప్రశ్న మీదే వాళ్లు కూర్చున్నారు. జవాబు గాలిలోనే ఉంది. ఆ రోజుల్లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదివేల పాళ్లకు మూడు పాళ్లు. అంత తక్కువ కదా అని ఎవరైనా అనుకుంటారు. కానీ బేరియం ఆక్సైడ్‌కి కార్బన్ డయాక్సైడ్ అంటే ఆక్సిజన్ కంటే మక్కువ ఎక్కువ. రెండూ కలిస్తే ఏర్పడే బేరియం కార్బొనేట్ 1300 డిగ్రీలు దాటితే గానీ విడదు. బట్టీ అంత వేడికి ఎన్నడూ పోదు. అంటే ఆక్సిజన్ వచ్చి వెళ్లే అతిథి అయితే, కార్బన్ డయాక్సైడ్ వచ్చి స్థిరపడిపోయేది. అది గడ్డల లోపల ఉన్న సన్నటి రంధ్రాల గోడల మీదే ముందు పేరుకుంటుంది కాబట్టి, మొత్తం పదార్థం పాడవకముందే లోపలికి దారి మూసుకుపోతుంది. తేమ చేసే కీడు ఇంకో రకం. నీటి ఆవిరి ఎక్కువగా తగిలితే బేరియం హైడ్రాక్సైడ్ అవుతుంది. అది 400 డిగ్రీల ప్రాంతానికే కరిగి రంధ్రాల్లోకి పారుతుంది.

బ్రిన్ సోదరులు చేసింది రెండు పనులు. ఒకటి, గాలిని సున్నం మీదుగా, కాస్టిక్ సోడా మీదుగా పంపి కార్బన్ డయాక్సైడ్‌ని, తేమను ముందే తీసేశారు. రెండు, బేరియం ఆక్సైడ్‌ని బేరియం నైట్రేట్ నుంచి కాల్చి తయారుచేశారు. నైట్రేట్ కాలేటప్పుడు వాయువులు పొంగి బయటికి వస్తాయి కాబట్టి మిగిలిన ఆక్సైడ్ గట్టిగా ఉంటూనే బొరియలు బొరియలుగా తయారవుతుంది. గాలికి లోపలిదాకా దారి ఉంటుంది. ఈ రెండింటితో అదే బేరియం ఏళ్ల తరబడి పనిచేసింది. 1880లో పేటెంట్ తీసుకున్నారు.

ఇందులో ఘనత ఎవరిది అన్న ప్రశ్నకు ఒక్క పేరు చెప్పడం అన్యాయం. రసాయన చర్య థెనార్, గే-లుసాక్‌లది. దానితో ఆక్సిజన్ తీయవచ్చన్న ఆలోచన బూసింగోది. దాన్ని పద్ధతిగా నిలబెట్టింది బ్రిన్ సోదరులు. బూసింగో ఓడిపోయాడని అనడం కూడా నాకు ఇష్టం లేదు. దేన్ని గురించి అడగాలో ఆయన పని లేకపోతే శిష్యులకు తెలిసేదే కాదు.

గాలి ఒత్తిడితో ఆడిన ఆట

1886 జనవరిలో లండన్‌లో బ్రిన్స్ ఆక్సిజన్ కంపెనీ ఏర్పడింది. వెస్ట్‌మినిస్టర్‌లోని హార్స్‌ఫెర్రీ రోడ్డులో కార్ఖానా. అక్కడ తేలిన రెండో చిక్కు వేడి గురించినది. ప్రతి దఫాకూ బట్టీని రెండు వందల డిగ్రీలు పైకి, రెండు వందల డిగ్రీలు కిందికి మార్చాలంటే గంటలు పడుతుంది, బొగ్గు తగలబడిపోతుంది, ఇనుప గొట్టాలు వ్యాకోచించి సంకోచించి పగుళ్లిస్తాయి. కంపెనీ ఇంజనీర్లు, ముఖ్యంగా కె.ఎస్. మర్రే, దీన్ని చక్కటి ఉపాయంతో దాటారు. వేడిని కదలనివ్వలేదు, ఒత్తిడిని మార్చారు.

ఆ ఉపాయం వెనకున్న లెక్క ఇది. బేరియం పెరాక్సైడ్ ఏ వేడి దగ్గరైనా తనకు తగిన ఒక ఒత్తిడితో ఆక్సిజన్‌ని బయటికి తోస్తూ ఉంటుంది. బయట ఉన్న ఆక్సిజన్ ఒత్తిడి దానికంటే ఎక్కువైతే బేరియం తీసుకుంటుంది, తక్కువైతే వదులుతుంది. 700 డిగ్రీల ప్రాంతంలో ఈ తూకం దాదాపు మామూలు గాలిలోని ఆక్సిజన్ ఒత్తిడికి సమానంగా నిలుస్తుంది. అక్కడ బట్టీని స్థిరంగా ఉంచి, పంపుతో గాలిని ఒత్తి పంపితే బేరియం ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, నత్రజని మరో దారిన పోతుంది. కొన్ని నిమిషాల తర్వాత వాల్వులు తిప్పి, అదే గొట్టాల నుంచి పంపుతో గాలిని లాగేస్తే, పట్టుకున్న ఆక్సిజన్ బయటికి వస్తుంది. మళ్లీ వాల్వులు తిప్పడం, మళ్లీ గాలి. ఈ తిప్పడాన్ని కూడా మర్రే యంత్రానికే అప్పగించాడు.

ఇంకో మేలు కూడా కలిసివచ్చింది. ఆక్సిజన్‌ని తీసుకునేటప్పుడు బేరియం వేడెక్కుతుంది, వదిలేటప్పుడు చల్లబడుతుంది. దఫాలు పొట్టిగా ఉంటే, తీసుకునేటప్పుడు పుట్టిన వేడి గడ్డల్లోనే నిలిచి వదిలేటప్పుడు పనికొస్తుంది. కాబట్టి బట్టీకి బయటి నుంచి ఇవ్వాల్సిన వేడి తగ్గింది. కార్ఖానా లోపల చూస్తే వరసగా నిలబెట్టిన ఉక్కు గొట్టాలు, వాటి నిండా అక్రోటు కాయలంత బేరియం గడ్డలు, చుట్టూ కొలిమి, పక్కన గాలి శుద్ధి చేసే పాత్రలు, పంపు. నూటికి తొంభై పైచిలుకు స్వచ్ఛతతో ఆక్సిజన్ వచ్చేది. దాన్ని వందకు పైగా వాతావరణాల ఒత్తిడితో ఉక్కు సిలిండర్లలో నింపి రైళ్లలో పంపేవారు. సిలిండర్ బయటికి రావడంతో లాంతరు వాళ్ల గుడ్డసంచులకు, క్లోరేట్ పేలుళ్లకు కాలం చెల్లింది. ఆక్సిజన్ తయారుచేసుకునే వస్తువుగా పోయి కొనుక్కునే వస్తువుగా మారింది ఇక్కడే.

చలి గెలిచింది

1895లో జర్మనీలో కార్ల్ లిండే, ఇంగ్లండ్‌లో విలియం హ్యాంప్సన్ విడివిడిగా గాలిని ద్రవంగా మార్చే యంత్రాలకు పేటెంట్లు తీసుకున్నారు. ఒత్తి పెట్టిన గాలిని సన్నటి కంత గుండా వదిలితే చల్లబడుతుంది. ఆ చల్లగాలితో తర్వాత వచ్చే గాలిని చల్లబరుస్తూ పోతే చివరకు గాలి నీళ్లలా కారుతుంది. 1902 నాటికి లిండే ఆ ద్రవ గాలిని వేరుచేసి ఆక్సిజన్‌ని తీయగలిగాడు. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర, నత్రజని మైనస్ 196 దగ్గర మరుగుతాయి. ఆ పదమూడు డిగ్రీల తేడాయే ఇవాళ్టికీ ప్రపంచ ఆక్సిజన్ పరిశ్రమకు పునాది.

బేరియం బట్టీకి ఇది తట్టుకోలేని పోటీ. బట్టీని పెంచాలంటే గొట్టాలు పెంచాలి, గొట్టాలు పెంచితే కొలిమి పెరగాలి, ప్రతి గొట్టానికీ ఆయుష్షు పరిమితం. చలి యంత్రం అలా కాదు, పెద్దదయ్యేకొద్దీ చవకవుతుంది. సరిగ్గా అప్పుడే ఆక్సిజన్ అవసరం కూడా ఉప్పెనలా పెరిగింది. ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిపి మండించే వెల్డింగ్ టార్చ్ 1903 ప్రాంతంలో ఫ్రాన్సులో వచ్చి కార్ఖానాలన్నిటికీ పాకింది. 1906లో బ్రిన్ కంపెనీ లిండే పద్ధతిని తీసుకుని బ్రిటిష్ ఆక్సిజన్ కంపెనీగా పేరు మార్చుకుంది. కొన్నేళ్లలో బేరియం గొట్టాలు ఆరిపోయాయి. తాను కనిపెట్టిన పద్ధతిని పట్టుకుని వేలాడకుండా, మేలైనది రాగానే మారిన కంపెనీ అది, అందుకే మిగిలింది.

ఆ కంపెనీ వేరు మన దేశంలోకీ పాకింది. 1935లో కలకత్తాలో ఇండియన్ ఆక్సిజన్ అండ్ ఎసిటిలీన్ కంపెనీ మొదలైంది. అది తర్వాత ఇండియన్ ఆక్సిజన్, ఆపైన బీఓసీ ఇండియా అయింది. 2006లో జర్మన్ లిండే సంస్థ బ్రిటిష్ కంపెనీనే కొనేసింది. 2013లో ఇక్కడి శాఖ పేరు లిండే ఇండియాగా మారింది.

బేరియం పేరు వింటే మన రాయలసీమ వాళ్లకు మంగంపేట గుర్తొస్తుంది. పాత కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని ఆ ముగ్గురాయి గని ప్రపంచంలోని అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. దాన్ని బొగ్గుతో కాల్చి సల్ఫైడ్‌గా మార్చి, అక్కడి నుంచి నైట్రేట్, ఆక్సైడ్ దాకా తీసుకుపోవచ్చు. లండన్ బట్టీల కాలానికీ మంగంపేట రాయికీ సంబంధం లేదు. ఇవాళ అది ఎక్కువగా చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో బరువు కోసం పోతోంది. రసాయన శాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు బ్రిన్ పద్ధతిని ఆ ప్రాంతపు పిల్లలకు చెప్పాలనుకుంటే మాత్రం ముడిరాయిని ఆ పిల్లలు కళ్లారా చూసే ఉంటారు.

ఇంకా బతికున్న రసాయన మార్గం

టన్నుల లెక్కన కావలసిన చోట రసాయనం ఓడిపోయింది. కరెంటు, యంత్రం, సమయం లేని చోట మాత్రం అది ఇప్పటికీ తిరుగులేనిది. విమానంలో ఒత్తిడి పడిపోతే పైనుంచి మాస్కులు జారతాయి కదా, చాలా విమానాల్లో వాటికి ఆక్సిజన్ ఇచ్చేది సిలిండర్ కాదు, సోడియం క్లోరేట్ దిమ్మ. మాస్కును లాగగానే ఒక పిన్ను ఊడి, చిన్న నిప్పు అంటుకుని, దిమ్మ ఒక కొన నుంచి కాలుకుంటూ పోయి పన్నెండు నిమిషాలో పావుగంటో ఆక్సిజన్ ఇస్తుంది. విమానం కిందికి దిగడానికి ఆ వ్యవధి చాలు. ఆ దిమ్మలో కొద్ది పాళ్లు బేరియం పెరాక్సైడ్ కూడా కలుపుతారు, క్లోరిన్ పుట్టకుండా చూడటానికి. మన తలల మీద బ్రిన్ సోదరుల పదార్థం ఇప్పటికీ ప్రయాణిస్తోందన్నమాట. జలాంతర్గాముల్లో, అంతరిక్ష కేంద్రాల్లో ఆపద్ధర్మంగా ఇలాంటి దిమ్మలే ఉంటాయి. బొగ్గు గనుల్లో నడుముకు కట్టుకునే రక్షణ డబ్బాల్లో కొన్నింట్లో పొటాషియం సూపర్ ఆక్సైడ్ ఉంటుంది. మనిషి వదిలిన ఊపిరిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ని తీసుకుని ఆక్సిజన్ తిరిగి ఇస్తుంది.

దీని ప్రమాదమూ చిన్నది కాదు. 1996 మే 11న అమెరికాలో వాల్యూజెట్ విమానం సామాను అరలో సరిగ్గా భద్రపరచని ఇలాంటి దిమ్మలు రాజుకుని విమానం కూలి 110 మంది చనిపోయారు. 1997 ఫిబ్రవరి 23న మీర్ అంతరిక్ష కేంద్రంలో లిథియం పెర్‌క్లోరేట్ డబ్బా నిప్పంటుకుంది. లోపల ఉన్న ఆరుగురూ అదృష్టవశాత్తూ బయటపడ్డారు.

బ్రిన్ పద్ధతి అసలు వారసత్వం ఇంకో చోట ఉంది, మన ఊళ్ల ఆసుపత్రుల వెనక షెడ్డుల్లో. 2021లో కరోనా రెండో ఉద్ధృతి వచ్చినప్పుడు దేశంలో వైద్య ఆక్సిజన్ అవసరం రోజుకు మూడు వేల టన్నుల స్థాయి నుంచి దాదాపు 9,000 టన్నులకు ఎగబాకింది. ఇబ్బంది ఆక్సిజన్ లేక కాదు, అది ఉన్న చోటు వేరు, కావలసిన చోటు వేరు. ట్యాంకర్లను మోసే మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ఏప్రిల్‌లో విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ఏడు ట్యాంకర్లతో మహారాష్ట్రకు కదిలింది. బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను వాయుసేన విమానాల్లో ఒడిశాకు పంపాల్సి వచ్చింది. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది చనిపోయారని అధికారులే చెప్పారు. ఆ రాత్రిని ఈ ప్రాంతం మరిచిపోకూడదు.

ఆ తర్వాత దేశమంతటా వెయ్యికి పైగా ఆసుపత్రుల్లో పీఎస్ఏ ప్లాంట్లు, అంటే ఒత్తిడిని మారుస్తూ గాలి నుంచి ఆక్సిజన్‌ని వేరుచేసే యంత్రాలు పెట్టారు. 1960లో స్కార్‌స్ట్రమ్ అనే ఆయన పేటెంట్ పొందిన పద్ధతి అది. రెండు పాత్రల నిండా జియోలైట్ అనే సన్న రంధ్రాల పదార్థపు గుళికలు. ఒక పాత్రలోకి గాలిని ఒత్తి పంపితే గుళికలు నత్రజనిని పట్టుకుంటాయి, ఆక్సిజన్ ముందుకు సాగుతుంది. ఒత్తిడి తీసేస్తే నత్రజని వదిలేస్తాయి. ఆలోపు రెండో పాత్ర పనిలో ఉంటుంది. మర్రే లండన్‌లో బేరియం గొట్టాలతో ఆడిన ఒత్తిడి ఆటే ఇది. తేడా ఏమిటంటే బేరియం ఆక్సిజన్‌ని పట్టేది, జియోలైట్ నత్రజనిని పడుతుంది. బేరియానికి కొలిమి కావాలి, జియోలైట్‌కి గది వేడి చాలు. జియోలైట్ ఆర్గాన్‌ని విడదీయలేదు కాబట్టి స్వచ్ఛత 93 శాతం దగ్గర ఆగిపోతుంది. చికిత్సకు అది సరిపోతుంది.

దీని బలహీనత కూడా బేరియంలాంటిదే. జియోలైట్‌కి నత్రజని కంటే నీటి మీద మక్కువ ఎక్కువ. గాలిని ఆరబెట్టే యంత్రం చెడితే, కంప్రెసర్ నూనె ఫిల్టర్ దాటి లోపలికి పోతే, గుళికలు నెమ్మదిగా పనిచేయడం మానేస్తాయి. యంత్రం తిరుగుతూనే ఉంటుంది, శబ్దం అదే వస్తుంది, స్వచ్ఛత మాత్రం పడిపోతూ ఉంటుంది. బూసింగో బేరియంకి పట్టిన జబ్బే ఇది.

అందుకని ఆసుపత్రి అభివృద్ధి సంఘాల్లో ఉన్నవారికి, సూపరింటెండెంట్లకు, జిల్లా అధికారులకు ఒక మనవి. మీ ఆసుపత్రి వెనక ఉన్న పీఎస్ఏ ప్లాంటును నెలకోసారైనా వెళ్లి చూడండి. ఆక్సిజన్ శాతం చూపే మీటరు పనిచేస్తోందా, డ్రయరు సరిగా ఉందా, ఫిల్టర్లు ఎప్పుడు మార్చారు, నడపడానికి శిక్షణ పొందిన మనిషి ఉన్నాడా, కరెంటు పోతే జనరేటరు అందుకుంటుందా అని అడగండి. రోజూ శాతం రాసే రిజిస్టరు పెట్టించండి. రోగుల రద్దీ లేని రోజుల్లో కూడా ప్లాంటును నిర్ణీత వేళకు నడిపించండి.